గంజాయి కేసులో కాగితం తప్పుకి మనిషిని వదిలేయాలా?

నర్సీపట్నం నాని: 2023లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక గసగసాల పొట్టు (అదీ మత్తు సరుకే) కేసులో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. శాంపిళ్లు మేజిస్ట్రేట్ ఎదుట తీయకుండా పట్టుకున్న చోటే తీశారట. సరుకు దొరికిందిగా! ఇలా వదిలేస్తూ పోతే మా ఏజెన్సీలో గంజాయి ఆగినట్టే.

నల్లకోటు: అందరినీ వదిలేస్తున్నారని ఎవరన్నారండీ? 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ గంజాయి కేసులో అదే కోర్టు, మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో శాంపిళ్లు మేజిస్ట్రేట్ ఎదుట తీయాలనే సెక్షన్ 52ఏ పాటించనంత మాత్రాన కేసు పోదు, మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే చాలు అంది. ఇక అదే చట్టంలో సెక్షన్ 50. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు ఉందని ముద్దాయికి చెప్పి తీరాలని 1999లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ అది ఒంటి మీద సోదాకే. చేతిలోని బ్యాగుకు వర్తించదని 2005లోనే తేల్చారు. మన దగ్గర సరుకు జేబులో దొరుకుతుందా, డిక్కీలో దొరుకుతుందా?

నాని: అయితే మీరూ నా మాటే అంటున్నారు.

మాజీ వీఆర్వో: నన్నో గంజాయి కేసులో మధ్యవర్తిగా, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షిగా, తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికే గోనెసంచులు కుట్టేసి ఉన్నాయి. కిరాణా కొట్టు కాటా తెచ్చి తూచారట, నేను చూళ్లేదు. రిపోర్టులో మాత్రం ‘మా సమక్షంలో’ అని ఉంది. సంతకం పెట్టేశాను, తప్పే. కోర్టులో డిఫెన్సు లాయరు ‘సంచి బరువు తీసేశారా?’ అని అడిగితే నోరు పెగల్లేదు. 21 కిలోల చిల్లర తూకం పడిన కేసు అది.

నల్లకోటు: ఆ చిల్లరలోనే ఉందండీ అంతా. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, లక్ష జరిమానా. జడ్జికి జాలేసినా అంతకు తగ్గించలేడు. దాటకపోతే కనీస శిక్షంటూ లేదు, రెండేళ్లైనా వేయొచ్చు. పైగా చట్టం లెక్కలో గంజాయంటే పూత, కాయ ఉన్న కొసలు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కావు. మూట మొత్తం కాటా మీద పడేస్తే ఎలా? పచ్చిదైతే ఎండాక తూకం ఇంకా పడిపోతుంది.

నాని: సంచి బరువుకి పదేళ్లా! మోసేది మా గూడేల కుర్రాళ్లే, కూలి డబ్బులకి. పంపినవాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడా కనబడదు. సరే, తూకం సంగతి ఒప్పుకుంటా. శాంపిళ్ల సంగతి మాత్రం ఒప్పుకోను.

నల్లకోటు: వీఆర్వో గారూ, మీ కేసు అప్పీలుకి వెళ్లిందా, ఏమైంది?

మాజీ వీఆర్వో: అప్పీలుకి సాక్షుల్ని పిలవరుగా బాబూ. తెలీదు.