మొక్క భాగాలు చూపించడానికి ఏ చెట్టు పీకాలి?

గుత్తి అమ్మ: పాప ఒకటో తరగతి. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అని పాటలా అప్పజెబుతుంది. కాండం ఏదే అంటే దిక్కులు చూస్తుంది. ఇంట్లో ఉన్నది తులసికోట ఒక్కటే, దాన్ని పీకితే మా అత్త నన్ను పీకుతుంది. ఏ మొక్క మంచిది? ఆకులు బూజు పట్టకుండా నోట్‌బుక్‌లో ఎలా అంటించాలి?

డోన్ టీచర్: బుడ్డల చెట్టును, అదే వేరుశనగను, మించింది లేదు. వేరుకు కాయ కాసే చెట్టు అని నిరుడు మా పిల్లలకు చూపిస్తే నోళ్ళు తెరిచారు.

ధర్మవరం రైతు: టీచరమ్మా, అక్కడే ఆగండి. వేరుకు కాయ కాయదు. విత్తిన నెలకు పసుపుపచ్చ పువ్వు వస్తుంది. అది వాడాక అక్కడినుంచే ఊడ దిగి మట్టిలో దూరుతుంది. దాని కొసన కాయ ఊరుతుంది. 30 ఏళ్ళుగా చెనిక్కాయ వేస్తున్నా.

డోన్ టీచర్: ఊడ అంటే వేరు కాదా సార్? 1989లో గిన్నిస్‌కెక్కిన తిమ్మమ్మ మర్రిమానుకు వేలాడేవి ఏంటి మరి?

ధర్మవరం రైతు: మర్రి ఊడ వేరే. చెనిక్కాయ ఊడ పువ్వులోంచి వచ్చిన కాడ. నమ్మకపోతే ఒక ఊడను నేలకు తగలకుండా దారంతో పైకి కట్టండి. కాయ కడితే నన్నడగండి.

కడప బాబాయ్: "మర్రి ఊడ వేరే" అంటే వేరు అనా, వేరే సంగతి అనా? రెండూ నిజమే లెండి. ఆ అమ్మాయి అడిగింది వదిలేశారు. ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, నిలువునా కోయమ్మా. పొరలన్నీ ఆకులే, అడుగున బిళ్ళలా ఉండేది కాండం.

ఆదోని నాన్న: బుడ్డలు అనండయ్యా, చెనిక్కాయ ఏంటి! మావాడి బడిలో తలా ఒక కొమ్మ తెమ్మంటే ఎవరో గన్నేరు తెచ్చారు. ఇద్దరు నమిలారు, ఆస్పత్రికి పరుగులు. ఆ చెట్టు ఆకు నుంచి పువ్వు దాకా విషమే. ఉమ్మెత్త, ఆముదం గింజలు కూడా వద్దు.

ధర్మవరం రైతు: చెనిక్కాయే అంటాం. మీ బుడ్డలు మీరు తినండి.

డోన్ టీచర్: దారం కట్టి చూశాం. కాయ కట్టలేదు, సరే. కానీ వేరు మీది బుడిపెల సంగతి మీరు చెప్పనేలేదే? గోటితో చిదిపితే లోపల ఎర్రగా ఉంది. అలా ఉంటే గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తున్నట్టే. 30 ఏళ్ళ సేద్యం అన్నారు!

గుత్తి అమ్మ: మా మామ చేనినుంచి రెండు చెట్లు తెచ్చారు. పలుగుతో చుట్టూ తవ్వి తీసినవి, వేర్లు తెగలేదు. బకెట్ నీళ్ళలో కడిగాం. పాప ఊడలు లెక్కపెట్టింది, 17. కాయలు ఒలుచుకుని తినేసింది. ఆకులు అంటించడం ఎలాగో ఎవరైనా చెప్తారా? సోమవారం నోట్‌బుక్ ఇవ్వాలి.