ఎల్‌హెచ్ లయ ఎక్కడ పుడుతుంది: జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్‌లోనా, కిస్‌పెప్టిన్ న్యూరాన్‌లోనా?

ఫిజియాలజీ_టీచర్:
నిన్న క్లాసులో పిల్లలతో ఎల్‌హెచ్ గ్రాఫ్ గీయించాను. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్ అది, అండాశయాన్ని నడిపిస్తుంది. పది నిమిషాలకోసారి తీసిన రక్తంలో కొలిస్తే గీత రంపం పళ్ళలా వస్తుంది. గబుక్కున లేస్తుంది, నిదానంగా జారుతుంది, మళ్ళీ లేస్తుంది. "ఈ టైమ్ ఎవరు పెడుతున్నారు మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో, ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే చోట ఉన్న కిస్‌పెప్టిన్ న్యూరాన్లని (కిస్‌పెప్టిన్ అనే కబురు రసాయనం వదిలే నాడీకణాలని) చెప్పి పంపాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు.

టైమింగ్ ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. 1978లో పిట్స్‌బర్గ్‌లో ఎర్నస్ట్ నోబిల్ బృందం, సొంత జీఎన్‌ఆర్‌హెచ్ (ఎల్‌హెచ్‌నూ, దాని తోడు హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్‌నూ వదలమని పిట్యూటరీకి చెప్పే హైపోథాలమస్ హార్మోన్) ఆగిపోయిన రీసస్ కోతులకు గంటకు ఆరు నిమిషాలు మాత్రమే ఆ హార్మోన్ ఎక్కిస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తిరిగొచ్చాయి. ఆపకుండా ఎక్కిస్తే రెండూ పడిపోయాయి. మరి ఆ గంట కొట్టేదెవరు? 1992లో జీటీ1 కణాలు, అంటే ఎలుక జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్ల నుంచి తీసి ల్యాబ్‌లో పెంచినవి, మెదడుతో సంబంధమే లేకుండా డిష్‌లో విడతలు విడతలుగా హార్మోన్ వదిలాయి. లయ వాటి సొంతమేనని నా వాదన.

కిస్‌పక్షం:
మేడమ్, గుండె కండ కణం కూడా డిష్‌లో విడిగా కొట్టుకుంటుంది. అంతమాత్రాన ఒంట్లో గుండె వేగం దాని చేతిలో లేదు, గుండెలోనే ఉండి వేగం నిర్ణయించే ఎస్‌ఏ నోడ్ చేతిలో ఉంది. మీ జీటీ1 కణాలూ అంతే.

న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీలో ఆలన్ హెర్బిసన్ బృందం 2017లో బతికున్న ఎలుకల మెదడులోకి సన్నని ఫైబర్ దింపి ఆర్క్యుయేట్ కిస్‌పెప్టిన్ న్యూరాన్లను గమనించింది. అవన్నీ ఒక్కసారిగా మేల్కొన్న ప్రతిసారీ, కాసేపటికే రక్తంలో ఎల్‌హెచ్ లేచింది. కాంతితో వాటిని నొక్కిపెడితే అలలు ఆగాయి. అదే కణంలో మూడు రసాయనాలు: న్యూరోకైనిన్ బి తోస్తుంది, డైనార్ఫిన్ బ్రేక్ వేస్తుంది, కిస్‌పెప్టిన్ జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్లకు కబురు మోస్తుంది. ఆ కబురు అందుకునే జీపీఆర్54 గ్రాహకం చెడిపోయిన వాళ్ళకు యుక్తవయసు లక్షణాలే రావని 2003లో తేలింది కదా.

పశువైద్యం:
నేను ల్యాబ్ మనిషిని కాను, పల్లెల్లో తిరిగేవాణ్ణి. ఈనిన గేదె నెలలు గడిచినా ఎదకు రావట్లేదని రైతులు తోలుకొస్తారు. దూడ పొదుగు కుడుస్తున్నంతకాలం ఎల్‌హెచ్ అలలు పలచబడతాయి, మేత చాలకపోయినా అంతే. జీఎన్‌ఆర్‌హెచ్‌లా పనిచేసే బుసెరెలిన్ సూది వేస్తే పిట్యూటరీ ఎల్‌హెచ్ వదులుతుంది. అంటే పిట్యూటరీ బాగానే ఉంది, పైనుంచి పిలుపు సరిగ్గా రావట్లేదు.

ఆ పిలుపు వేగం అండాశయాన్నిబట్టి కూడా మారుతుంది. జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్లలో అండాశయపు హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను అందుకునే ఆల్ఫా గ్రాహకం లేదు, కిస్‌పెప్టిన్ న్యూరాన్లలో ఉంది. వినే చెవి ఎక్కడుందో వేగం మార్చే చెయ్యీ అక్కడే ఉంటుందని నాకనిపిస్తుంది. ఈ మాటకు కిస్‌పక్షం గారి వైపే నేను.

ఫిజియాలజీ_టీచర్:
చెవి మాట ఒప్పుకుంటున్నాను సార్. వేగం మార్చడం కిస్‌పెప్టిన్ పనే. కానీ వేగం మార్చేదీ లయ పుట్టించేదీ ఒకటే కావాలనేముంది?

2011లో మేయర్, బోమ్ ఆడ ఎలుకల్లో కిస్‌పెప్టిన్ కణాలను పసితనంలోనే చంపేశారు. అవి మామూలుగానే ఎదిగాయి, పిల్లల్ని కన్నాయి. అండాశయాలు చిన్నవయ్యాయి, అంతే. గంట కొట్టేవాణ్ణి తీసేశాక కూడా గంట మోగిందంటే ఏమనాలి?

కిస్‌పక్షం:
ఆ పేపర్ సగమే చెప్పారు మేడమ్. ఎదిగిన ఎలుకల్లో అవే కణాలను ఉన్నట్టుండి చంపితే సంతాన సామర్థ్యం దెబ్బతింది. పసితనంలో పోతే మెదడు వేరే దారి వెతుక్కుంది. ఆ పక్కదారిని చూపించి అసలు రోడ్డు లేదనడం న్యాయం కాదు.

ఫిజియాలజీ_టీచర్:
నిజమే, ఆ సగం ముందే చెప్పాల్సింది. అయినా ఆ పక్కదారిలో నడిచిందెవరు? పసితనంలో కిస్‌పెప్టిన్ కణాలు పోగొట్టుకున్న ఎలుక నుంచి మాటిమాటికీ చుక్క రక్తం తీసి, మా క్లాసులో గీసిన గీతే గీద్దాం. అందులో రంపం పళ్ళు లేకపోతే మీరే గెలిచారు. ఉంటే మాత్రం ఆ లయ ఏ కణానిదో మీరు చెప్పాలి.