బ్యాండ్‌కి ‘డెబ్బై గేట్లు’ అని పేరు పెడితే తప్పా?

డ్రమ్ముల తమ్ముడు
మాది అయిదుగురి బ్యాండ్. ముగ్గురం విజయవాడ, ఇద్దరు గుంటూరు. ఏడాదిన్నరగా పటమటలో ఒక మేడ మీది రేకుల గదిలో ప్రాక్టీస్ చేస్తున్నాం. సొంత పాటలు నాలుగున్నర ఉన్నాయి (అయిదోదానికి చరణం కుదరడం లేదు). ఇన్నాళ్లూ పేరు అవసరం రాలేదు. వచ్చే నెల ఒక కాలేజీ ఫెస్ట్‌లో నలభై నిమిషాలు ఇచ్చారు. శుక్రవారం సాయంత్రంలోగా పోస్టర్‌కి పేరు పంపాలట.

ఇంగ్లీష్ పేర్లు ఇరవై దాకా రాసుకున్నాం. అన్నీ ఒక రంగు, పక్కన ఒక జంతువు. పైకి చదువుకుంటే మాకే నవ్వొచ్చింది. కొట్టేయగా రెండు మిగిలాయి. ఒకటి ‘డెబ్బై గేట్లు’. ప్రకాశం బ్యారేజీకి ఉన్నవి 70 గేట్లు. ఈ చివర విజయవాడ, ఆ చివర సీతానగరం, అంటే గుంటూరు జిల్లా. మా బ్యాండ్ కూడా అంతే కదా అనిపించింది. రెండోది ‘లవంగి’. బాలమురళీకృష్ణ గారు సృష్టించిన రాగం, నాలుగే స్వరాలు. మా మొదటి పాట ఎత్తుగడ అందులోనే. మాలో మాకు తేలడం లేదు. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
గుంటూరు వైపు నుంచి ఒక మాట. బ్యారేజీ అనగానే ఎవరికైనా విజయవాడే గుర్తొస్తుంది. సీతానగరం మా జిల్లాలోదని మ్యాప్ తీసి చూపించాలి. మీ ఇద్దరు గుంటూరు వాళ్లు పోయిన చోటల్లా ‘బెజవాడ బ్యాండ్’ అనిపించుకుంటారు. అలాగని మిర్చి, ఘాటు, కారం అని పెట్టమనను. అవి పచ్చళ్ల కొట్టు పేర్లు. నా ఓటు లవంగికి. మరాఠీలో లవంగి అంటే చిన్నగా ఉండి మంట పుట్టించే ఒక రకం మిరపకాయ. గుంటూరు పేరెత్తకుండానే గుంటూరు కూడా వచ్చేసింది చూడండి.

వాయులీనం
లవంగి వద్దు తమ్ముడూ. ఆ రాగం ఇష్టం కాబట్టే వద్దంటున్నా. బాలమురళి గారు ఈ ఊరి రేడియోలో పనిచేశారు, ఇక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన పాట వింటూ పెరిగినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. స, రి, మ, ధ. ఆ నాలుగింటితో ఆయన ఏం చేశారో వాళ్లకి తెలుసు. పోస్టర్ మీద ఆ పేరు చూసి వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. మీరు డిస్టార్షన్ గిటార్‌తో మొదలుపెడతారు. వాళ్లు తిట్టరు గానీ, దేనికొచ్చామో అర్థంకాక మూడో పాటకి లేస్తారు.

పైగా మా ఇంట్లో లవంగి అంటే జగన్నాథ పండితరాయలి కథే. షాజహాన్ కొలువు, ఆ ప్రేమ, అదంతా. ఒక్క పేరుకి రాగం, మిరపకాయ, ప్రేమకథ. అన్నీ ఎప్పుడు చెప్పుకుంటూ కూర్చుంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
రెండు మూడు అర్థాలుంటే నష్టమేంటక్కా? బీటిల్స్ పేరులో పురుగూ ఉంది, బీటూ ఉంది.

వాయులీనం
బీటిల్స్ పేరు చూసి ఎవరూ పురుగుల కోసం రాలేదు నాయనా.

కాలువగట్టు
నేను డెబ్బై గేట్ల వైపే. ఊరి పేరు పెట్టుకోవడం వేరు, ఊళ్లో మనం రోజూ చూసే ఒక వస్తువు పేరు పెట్టుకోవడం వేరు. కేరళలో తైక్కుడం బ్రిడ్జ్ బ్యాండ్ ఉంది కదా, కొచ్చిలోని ఒక చోటు పేరు అది. మిగతా దేశంలో ఎవరికీ ఆ వంతెన తెలియదు, అయినా పేరు పలుకుతోంది. అవియల్ వాళ్లు కూర పేరు పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో చౌరస్తా ఉండనే ఉంది. అందరికీ తెలిసిన మాట, ఎవరూ బ్యాండ్‌కి పెడతారని అనుకోని మాట. అలాంటిదే నిలబడుతుంది.

కానీ ఒక చిక్కుంది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా పేపర్లో హెడ్డింగ్ ఏంటి? ‘ప్రకాశం బ్యారేజీ 70 గేట్లు ఎత్తివేత’. మీ పాట వెతుక్కున్నవాడికి ఎన్ని క్యూసెక్కులు వదిలారో కనబడుతుంది. ఇంకా, ఇంగ్లీష్ అక్షరాల్లో డెబ్బైని పది మంది పది రకాలుగా రాస్తారు. లింకిన్ పార్క్ వాళ్లు లింకన్ అని సరిగ్గా రాసుకుందామంటే వెబ్‌సైట్ అడ్రస్ దొరక్క స్పెల్లింగ్ మార్చుకున్నారు. మీరూ ఒక్క స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, అన్ని చోట్లా అదే పేరుతో ఖాతాలు ఈ రాత్రే తెరవండి. పేరు మీద చర్చ తర్వాతైనా జరుగుతుంది, ఖాతా పోతే మళ్లీ రాదు.

పేరుబలం
న్యూమరాలజీ చూపించారా? 7+0 = 7, కేతువు. చివర ఒక ‘ఎ’ కలిపితే సరిపోతుందేమో కనుక్కోండి.

కాలువగట్టు
గేట్లా అనా సార్?

మైక్ టెస్టింగ్
మాది సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే పని, ఇరవై ఏళ్ల పైమాటే. మీరంతా అర్థం గురించి మాట్లాడుతున్నారు. పేరు ముందు వినబడాలి. ఒక పని చేయండి. ట్రాఫిక్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి. వాడు ‘ఆఁ? ఏంటీ?’ అన్నాడా, ఆ పేరు పనికిరాదు. స్టేజీ మీద యాంకర్ కూడా అంతే. చీటీలో రాసిచ్చిన పేరు చూస్తారు, పక్కవాళ్లని అడుగుతారు, ఏదో ఒకటి అరుస్తారు. ఒక ఇంగ్లీష్ పేరు బ్యాండ్‌ని ఒకే ప్రోగ్రామ్‌లో మూడు రకాలుగా పిలిచారు. ఆ పిల్లలు మూడోసారి తమ పేరు కాదనుకుని కిందే నిలబడ్డారు. డెబ్బై గేట్లు అని అరిస్తే వెనక వరసకి కూడా తెలుస్తుంది. ‘డ’, ‘గ’ గట్టి అక్షరాలు. లవంగి అంటే మైక్‌లో ‘లవ్ అంకుల్’ అని వినబడినా ఆశ్చర్యపోను.

ఫ్లెక్సీ సంగతి కూడా చూసుకోండి. మీరు ఫోన్‌లో కొట్టి పంపిన తెలుగు షాపువాడి అనూ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. డెబ్బై కాస్తా డెబై అవుతుంది. పేరు బొమ్మగా చేసి పంపండి, అక్షరాలుగా పంపొద్దు.

ఇంకోటి మర్చిపోయా. పేరు పక్కన ‘బ్యాండ్’ అని మాత్రం వేయొద్దు. మన దగ్గర బ్యాండ్ అంటే ఊరేగింపు ముందు బాకాలు, డోళ్లు. ముహూర్తాల్లో పెళ్లివారు ఫోన్ చేసి గంటకెంత అని అడుగుతారు. నవ్వులాటకి కాదు, ఒక గిటార్ కుర్రాడికి నిజంగా అయింది. పాపం వెళ్లాడు కూడా.

క్లాస్ 41
మా వృత్తి ప్రకారం ఒక మాట. పేరు బాగుందో లేదో తర్వాత, ఎవరికైనా ఉందో లేదో ముందు. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతకడానికి డబ్బులేం అడగరు. సంగీత కార్యక్రమాలు, వినోదం 41వ క్లాస్‌లోకి వస్తాయి. 1999 చట్టం కింద ఒకసారి రిజిస్టర్ అయితే పదేళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. అమెరికాలో బ్లింక్ అనే కుర్రాళ్లు ఐర్లండ్‌లో అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉండటంతో చివర 182 తగిలించుకుని బ్లింక్ 182 అయ్యారు. పేరొచ్చాక మార్చుకోవడం కన్నా నాలుగున్నర పాటలప్పుడే చూసుకోవడం చవక.

ఇంకొకటి, ఎవరికీ నచ్చదు. పేరు ఎవరిదో ఒక కాగితం మీద రాసుకుని అయిదుగురూ సంతకం పెట్టండి. ఒకరు వెళ్లిపోతే పేరు పట్టుకెళ్లొచ్చా, కూడదా? స్నేహితుల మధ్య ఇవేంటంటారు. మా ఆఫీసుకొచ్చేవాళ్లందరూ ఒకప్పుడు స్నేహితులే.

రెండో అంతస్తు సింగ్‌నగర్
అందరూ గేట్లు గేట్లు అంటున్నారు. 2024 సెప్టెంబర్ మర్చిపోయారా? బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బోట్లు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగాయి. మేం రెండో అంతస్తులో కరెంట్ లేకుండా, తాగే నీళ్లు లేకుండా రోజులు లెక్కపెట్టాం. కింద వాటాలో వాళ్ల ఫ్రిజ్ వీధిలోకి తేలిపోవడం మా బాల్కనీలోంచి చూశాం. ఆ పేరు మీద జనం ఈలలు వేస్తుంటే నాకు బాగోదు. మీ ఇష్టం, నాకైతే బాగోదు.

బ్రాడీపేట నాలుగో లైను
దీనికి నా దగ్గర జవాబు లేదు.

మైక్ టెస్టింగ్
నా స్పీకర్లు నాలుగు ఆ నీళ్లలోనే పోయాయి. అయినా పేరు బాగుందనే అంటా. కానీ మీ మాట కాదనలేను.

డ్రమ్ముల తమ్ముడు
అందరికీ దండాలు. సింగ్‌నగర్ అన్నా, మీ మాటకి నిన్న రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. మా కీబోర్డ్ వాయించేవాడిది కూడా సింగ్‌నగరే, అదీ గ్రౌండ్ ఫ్లోర్. పాత కీబోర్డ్ ఆ వరదలోనే పోయింది. ఏడాదిన్నరగా కలిసి వాయిస్తున్నా ఈ పేరు గురించి వాడిని విడిగా అడగాలని నాకు తట్టలేదు. పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ‘నాకేం లేదు, మా అమ్మనడుగు’ అన్నాడు. ఆవిడ వంటింట్లోంచే, ‘మమ్మల్ని ముంచింది బుడమేరు రా. గండ్లు పడింది దానికి. మధ్యలో బ్యారేజీ ఏం చేసింది?’ అంది. కాసేపాగి, ‘బుడమేరు అని మాత్రం పెట్టకండి’ అంది.

అందుకని డెబ్బై గేట్లే పంపించాం. ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఎవరికీ లేదు. ఖాతాలు తెరిచాం. సంతకాలు మాత్రం ఇంకా పెట్టలేదు, బేస్ గిటార్ వాడు అలిగాడు. వాడిది గుంటూరు, లవంగి పార్టీ. మొదటి పాటకి లవంగి అని పేరు పెడతామంటే కొంచెం మెత్తబడ్డాడు. వాయులీనం అక్కా, పాట పేరుగా అయినా ఒప్పుకుంటారా?

వాయులీనం
పాటకైతే నిరభ్యంతరంగా. రికార్డింగ్ పంపించు, ‘ధ’ ఎక్కడ పెట్టావో వింటాను.

కాలువగట్టు
పోస్టర్ మీద 70 అని అంకె వేస్తున్నారా, అక్షరాల్లోనా?

డ్రమ్ముల తమ్ముడు
దాని మీదే ఇప్పుడు గొడవ.