ఫ్యాన్, మిక్సీ ఇంట్లోనే విప్పేవాళ్ళు బండి బ్రేకులు కూడా సొంతంగా చేసుకోవచ్చా?

పెరటిపానా:
మా ఇల్లు ఊరికి దూరంగా పొలాల్లో ఉంటుంది, ఏది చెడినా బాగుచేయించాలంటే బండి మీద వేసుకుని పోవాల్సిందే, అందుకని ఫ్యాన్ కండెన్సర్ మార్చడం, మిక్సీకి కార్బన్ బ్రష్‌లు వేయడం, నీళ్ళ మోటారు ఫుట్‌వాల్వ్ చూసుకోవడం, ఇస్త్రీ పెట్టెకి వైరు మార్చడం ఇలాంటివన్నీ ఎప్పట్నుంచో నేనే చేసుకుంటున్నా. ఇప్పుడు బండి వెనక బ్రేకు పెడల్ మరీ కిందికి పోతోంది, అడ్జస్టింగ్ నట్టు చివరిదాకా వచ్చేసింది, అంటే లోపల డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలు అరిగిపోయినట్టే కదా, కొత్తవి తెచ్చి నేనే వేద్దామంటే మా ఆవిడ ససేమిరా అంటోంది. కరెంటు సామాను ఏమైనా చేసుకో, బండి జోలికి మాత్రం పోవద్దు, వెనకాల పిల్లల్ని ఎక్కించుకునేది దానిమీదే కదా అని. ఆమె మాట కొట్టిపారేసేది కాదు, కానీ పని చూస్తే ఫ్యాన్ దించడం కన్నా కష్టమేం లేదు. ఎక్కడిదాకా మనం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి? మీరైతే ఏం చేస్తారు?

ఎర్రమట్టిరోడ్డు:
చేసెయ్ అన్నా, ఇందులో ఆలోచించేదేముంది. మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళు అనేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు, అక్కడిదాకా ఆ బ్రేకు పట్టని బండే నడుపుకుంటూ పోవాలి. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి డ్రమ్ములో దుమ్ము చేరడం, చైన్ వదులవడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం మామూలే, ప్రతిదానికీ ఒక పూట పని మానుకుని పోలేం కదా. నాలుగు పానాలు, ఒక ప్లయరు ఉంటే చాలు. షూలు వెంటనే దొరక్కపోతే పెడల్ నుంచి వచ్చే రాడ్ తగిలించి ఉండే బ్రేక్ ఆర్మ్ బోల్టు వదులు చేసి ఆర్మ్ బయటికి లాగి ఒక పన్ను జరిపి పెట్టు, పెడల్ మళ్ళీ పైకొస్తుంది, ఇంకొన్నాళ్ళు లాగించొచ్చు.

నల్లచేతులు:
పైన చెప్పిన చివరి ముక్క మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు. నేను షెడ్డులో ఈ పనే చేసేవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఆ ఆర్మ్ తిప్పేది లోపలున్న క్యామ్‌ని. అది రెండు షూల చివర్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది, పెడల్ తొక్కితే పక్కకి తిరిగి షూలని విడదీసి డ్రమ్ముకి నొక్కుతుంది. షూల మీదుండే లైనింగ్ అరిగేకొద్దీ క్యామ్ ఇంకా ఇంకా తిరగాల్సి వస్తుంది. ఎందాకా తిరగొచ్చో తెలియడానికే చాలా బండ్లకి ఆర్మ్ దగ్గర చిన్న బాణం, షూలు బిగించి ఉండే బ్రేక్ ప్యానెల్ మీద ఒక గుర్తు ఇస్తారు, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు బాణం ఆ గుర్తు దాకా వచ్చిందంటే షూలు అయిపోయినట్టు. ఆర్మ్ ఒక పన్ను జరిపారంటే పెడల్ కాలికి బానే తగులుతుంది గానీ లోపల క్యామ్ పూర్తిగా అడ్డం తిరిగేదాకా పోతుంది, అక్కడ ఇరుక్కుంటే షూలు ఇంక వెనక్కి రావు, చక్రం పట్టేస్తుంది. బండి స్పీడులో ఉన్నప్పుడు వెనక చక్రం పట్టేస్తే మనిషి ఎటు పడతాడో ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు ప్రశ్నకొస్తే, నేను వద్దనే అంటా తమ్ముడూ. షూలు మార్చడం బ్రహ్మవిద్య అని కాదు, చక్రం మళ్ళీ ఎక్కించేటప్పుడు మర్చిపోయేవి ఉంటాయి. బ్రేక్ ప్యానెల్ చక్రంతో పాటు తిరిగిపోకుండా, వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్‌కి పట్టి ఉంచే రాడ్ చాలా బండ్లకి ఉంటుంది, టార్క్ ఆర్మ్ అంటారు. దాని నట్టు వదిలేసినా బండి కదులుతుంది, మామూలుగానే నడుస్తుంది, గట్టిగా బ్రేకు వేసిన రోజు ప్యానెల్ మొత్తం గిర్రున తిరిగి బ్రేక్ రాడ్‌ని మెలిపెట్టి చక్రాన్ని ఆపేస్తుంది. ఇంకోటి, గ్రీజు చేతులతో షూ పట్టుకుంటే లైనింగ్ జారుతుంది. క్యామ్‌కి మాత్రం కొంచెం గ్రీజు కావాలి, ఎక్కువ పూస్తే వేడికి కరిగి షూల మీదికే వస్తుంది. డ్రమ్ములో దుమ్ముని నోటితో ఊదొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగుడ్డతో తుడవాలి.

రెండో గేరు:
నేను షూల దాకా పోను గానీ చైన్ మాత్రం నేనే క్లీన్ చేస్తా. సెంటర్ స్టాండ్ వేసి ఇంజన్ ఆన్ చేసి ఫస్ట్ గేర్లో పెడితే చైన్ దానంతటదే తిరుగుతుంది, గుడ్డ పట్టుకుంటే చాలు క్షణాల్లో ఐపోతుంది

నల్లచేతులు:
వద్దు తమ్ముడూ. గుడ్డ కొస చైన్‌కి చిక్కితే వేళ్ళు స్ప్రాకెట్ లోకి పోతాయి, వదిలే టైం కూడా ఉండదు. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడుచుకో. ఆలస్యమైతే అవనీ.

నూతిగట్టు:
అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం మొదటి పోస్టులో ఇస్త్రీ పెట్టె దగ్గర భయమేసింది. కరెంటు సామాను ఏమైనా చేసుకో అన్నారట మీ ఆవిడ, అదంత తేలికైన విషయం ఎలా అయిందండీ?

ఇంట్లో బాగుచేసేది ఒకరు, రోజూ చేతులు పెట్టేది ఇంకొకరు. బండి బ్రేకు మీరే వేసి మీరే నడుపుతారు, పట్టులో తేడా ఉంటే రోడ్డెక్కకముందే మీ కాలికి తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె వైరు మార్చినప్పుడు ఎర్త్ వైరు కలపలేదనుకోండి, పెట్టె ఎప్పట్లాగే వేడెక్కుతుంది, బట్టల మీద ఎప్పట్లాగే నడుస్తుంది, ఏ లోటూ కనిపించదు. లోపల కరెంటు వచ్చే ఫేజ్ వైరు తొడుగు కాలి బాడీకి తగిలిన రోజున, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి దాన్ని ముట్టుకునేది మీరు కాదు, లోపల ఏం కలిపారో ఏం వదిలేశారో తెలియని మనిషి. నీళ్ళ మోటారూ అంతే, తెగిన కేబుల్‌కి టేపు చుట్టి తడి మట్టిలో వదిలేస్తే మోటారు పనిచేస్తూనే ఉంటుంది, ఆ నీళ్ళలో కాలు పెట్టేదాకా ఎవరికీ తెలియదు.

అందుకే నేను బండి వేరు ఇంటి సామాను వేరు అని చూడను. తప్పు చేస్తే ఆ వస్తువు మనకి ముందుగా చెప్తుందా చెప్పదా, అదొక్కటే చూస్తా. ఫ్యాన్‌కి 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉండాల్సిన చోట నీరసించిపోయింది వేస్తే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, లేదా మూలుగుతూ నిలబడిపోతుంది, మళ్ళీ దించి మారుస్తారు, నష్టం లేదు. అదే ఫ్యాన్ రాడ్ బోల్టుకి, నట్టు ఊడిరాకుండా దూర్చి కొసలు వంచే స్ప్లిట్ పిన్ పెట్టకుండా బిగిస్తే? చక్కగా గాలి వస్తుంది, ఊగి ఊగి నట్టు వదులవుతుంది, ఒక రాత్రి కింద పడుకున్నవాళ్ళ మీద పడుతుంది. కార్బన్ బ్రష్ సరిగ్గా కూర్చోకపోతే మిక్సీలో నిప్పురవ్వలు కనిపిస్తాయి, వాసనొస్తుంది, అది చెప్పే తప్పు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టి పెట్టడం చెప్పని తప్పు, ఇంక ఆ ఫ్యూజు ఎప్పటికీ పోదు, గోడలో వైరు కాలుతుంది. ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ వాల్వ్ లీకవుతోందని ఆ రంధ్రానికి బోల్టు బిగించేవాళ్ళని చూశాను, అదీ అంతే, పైకి వంట మామూలుగానే అవుతుంది.

నల్లచేతులు గారు చెప్పిన టార్క్ ఆర్మ్ కూడా నాకు ఫ్యాన్ రాడ్ లాగే అనిపించింది. షూలు మార్చడం చెప్పే పని, ఆ నట్టు చెప్పని పని. రెండూ ఒకే చక్రంలో ఉన్నాయి కాబట్టి బండి ముట్టుకోవచ్చా వద్దా అని అడిగితే జవాబు దొరకదు.

ఎర్రమట్టిరోడ్డు:
అక్కా ఇంతలా భయపెడితే ఎవరూ ఏ పనీ నేర్చుకోరు. ఆర్మ్ జరిపే సంగతి పక్కన పెడదాం, దాని మీద నల్లచేతులన్న చెప్పింది విన్నా. కానీ షెడ్డులో మాత్రం అన్నీ పద్ధతిగా జరుగుతాయా? టార్క్ రెంచ్ పెట్టి యాక్సిల్ నట్టు బిగించేవాళ్ళు ఎంతమంది, ఎవరి బలం కొద్దీ వాళ్ళు లాగడమే. పాత స్ప్లిట్ పిన్నే నిటారుగా చేసి మళ్ళీ దూర్చేస్తారు, అది రెండుసార్లు వంగితే విరుగుతుందని వాళ్ళకి తెలియకనా? పక్కన నాలుగు బండ్లు వెయిటింగులో ఉంటే నా బండి మీద ఎంత ధ్యాస ఉంటుంది. నా ఇంటి గుమ్మంలో, తొందర లేకుండా, విప్పిన ప్రతి వాషరూ గుడ్డ మీద వరసగా పెట్టుకుని నేను చేసుకున్నంత శ్రద్ధగా ఇంకెవరూ చేయరు. ప్రాణం నాది కాబట్టి.

నల్లచేతులు:
పాత పిన్ సంగతి కాదనను, తొందరలో జరుగుతుంది, జరక్కూడదు. అందుకే ఎవరు చేసినా మీరు వంగి చూసుకోవాలి అంటా. యాక్సిల్ నట్టు బిగువుగా ఉందా, పిన్ ఉండే బండైతే కొత్త పిన్ ఉందా, టార్క్ ఆర్మ్ నట్టు, దాని పిన్ ఉన్నాయా, చక్రం ఎడమా కుడీ గుర్తులు రెండు పక్కలా ఒకే గీత మీద ఉన్నాయా. తర్వాత చైన్. వెనక చక్రం కదిపాక చైన్ బిగువు మారిపోతుంది, మామూలు కమ్యూటర్ బండ్లలో ఎక్కువ వాటికి రెండు స్ప్రాకెట్ల మధ్యన 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడాలి, మీ బండిది ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగుసుకుంటుందో అక్కడ కొలవాలి, వదులుగా ఉన్నచోట కొలిచి మురిసిపోతే ఇద్దరు ఎక్కి గుంటలో దిగినప్పుడు చైన్ బేరింగుల్ని లాగేస్తుంది. చైన్ లింకు లాక్ తీసి పెట్టేవాళ్ళు క్లిప్ మూసుకున్న వైపు చైన్ తిరిగే దిక్కుకి ఉండేలా పెట్టాలి, తిప్పి పెడితే దేనికైనా తగిలి ఊడొస్తుంది. ఇదీ ఆ అక్క చెప్పిన చెప్పని తప్పే.

ఇవన్నీ చూసుకోగలిగితే డ్రమ్ బ్రేకు చేసుకో, నేను అడ్డుపడను. డిస్క్ బ్రేకు ఆయిల్ జోలికి మాత్రం నేర్పేవాళ్ళు పక్కన లేకుండా పోవద్దు, ఇందులో నా మాట మారదు. గొట్టంలో గాలి బుడగ మిగిలితే లివరు మెత్తగా వస్తుంది, అదైనా తెలుస్తుంది, కానీ ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మూత తీసి ఎన్నాళ్ళుగానో ఇంట్లో ఉన్న డబ్బాలోది పోస్తే ఇంటి ముందు తొక్కి చూసినప్పుడు బానే ఉంటుంది, పొడుగాటి దిగుడులో వేడెక్కి మరిగితే లివరు చేతికి ఆనుకుపోతుంది.

పెరటిపానా:
నూతిగట్టు గారూ, మీ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. ఇప్పుడు బ్రేకు పక్కన పెట్టి ముందు ఇస్త్రీ పెట్టె సంగతి తేల్చమంటోంది. మల్టీమీటర్ ఉంది నా దగ్గర, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి?

నూతిగట్టు:
ప్లగ్గు గోడలోంచి తీసేసి, పెట్టె పూర్తిగా చల్లారాక, మీటరు కంటిన్యుటీలో పెట్టి ఒక కొన ప్లగ్గు పెద్ద పిన్నుకి, ఇంకోటి పెట్టె కింది రేకుకి ఆనించండి, బీప్ రావాలి. బీప్ వస్తుండగానే వైరుని ప్లగ్గు దగ్గరా పెట్టె దగ్గరా అటూ ఇటూ వంచండి, మధ్యలో తెగి తెగి మోగితే లోపల ఎర్త్ వైరు విరిగినట్టు. తర్వాత పెట్టె డయల్ ఆన్ లో పెట్టి, మీటరు ఎక్కువ ఓమ్‌ల రేంజికి మార్చి, మిగతా రెండు పిన్నులకీ రేకుకీ మధ్య చూడండి, అసలు ఏ లింకూ చూపించకూడదు.

ఇక్కడితో అయిపోలేదు. గోడ సాకెట్లో ఎర్త్ రంధ్రానికి వెనక వైరే లేకపోతే ఇదంతా చేసినా ప్రయోజనం లేదు, చాలా పాత ఇళ్ళలో ఆ రంధ్రం ఖాళీగానే ఉంటుంది. అది కరెంటు ఉండగా చూడాల్సింది కాబట్టి పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి, వచ్చినప్పుడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి, మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోవడం మొదలవగానే సప్లై కట్ చేస్తుంది. ఎర్త్ కూడా ఉంటే లోపలి వైరు బాడీకి తగిలిన క్షణమే కట్ అవుతుంది, ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఇంకో సంగతి, ఫ్యాన్ విప్పేటప్పుడు స్విచ్ ఆపి ఊరుకోకండి, స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ వైరు మీద వేసిన ఇళ్ళున్నాయి, అక్కడ స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. మెయిన్ దించి టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. బాగుచేసిన ప్రతి వస్తువు గురించి ఏం మార్చారో ఇంట్లోవాళ్ళకి చెప్పండి, మోటారు కేబుల్‌కి జాయింటు ఎక్కడుందో మీకొక్కరికే తెలిస్తే కుదరదు.

ఎర్రమట్టిరోడ్డు:
దీనికి నేనూ సరే అక్కా. బ్రేకు పని అయ్యాక మాత్రం పిల్లల్ని వెంటనే ఎక్కించొద్దు అన్నా. ముందు స్టాండ్ మీద చక్రం తిప్పి, పెడల్ వదిలినప్పుడు ఎక్కడా రాసుకోకుండా తిరుగుతోందా చూడు. తర్వాత ఇంటి ముందు ఒక్కడివే మెల్లగా తోలి నాలుగైదుసార్లు బ్రేకు వెయ్, కొత్త షూలు డ్రమ్ముకి సర్దుకునేదాకా పట్టు తక్కువే ఉంటుంది.

నల్లచేతులు:
కొన్నాళ్ళు తిరిగాక యాక్సిల్, టార్క్ ఆర్మ్ మళ్ళీ పానా పెట్టి చూడు. మట్టి రోడ్డైతే ఇంకా ముందే చూసుకో. పాత షూలు పారేయకు తమ్ముడూ, ఫోటో తీసి పెట్టు, రెండు లైనింగులూ సమంగా అరిగాయా లేక ఒకటే ఎక్కువ అరిగిందా చూస్తే క్యామ్ బిగుసుకుందో లేదో చెప్పొచ్చు.