పొర ఊడిపోయిన మంచు జాకెట్టు: వారంటీ రాదంటున్నారు, ఏం చేయాలి?

కావలి నుంచి అడుగుతున్నాను:

అందరికీ నమస్కారం. రెండు చలికాలాల కిందట గుల్మార్గ్ వెళ్ళేటప్పుడు, పిల్లలు స్కీయింగ్ నేర్చుకుంటారని స్కీ జాకెట్లు ఆన్‌లైన్‌లో కొన్నాం. ఒక్కొక్కటి ఆరున్నర వేలు. రెండేళ్ళ వారంటీ అని అక్కడే రాసి ఉంది. ఆ ప్రయాణంలో తొడిగిందే, మళ్ళీ తొడగలేదు. ఇంటికొచ్చాక ఆరబెట్టి, మడతపెట్టి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టాను.

మొన్న మా అత్తయ్య వాళ్ళు కేదార్‌నాథ్ వెళ్తున్నారంటే ఇద్దామని తీశాను. ఒకటి లోపల జిగురుగా చేతికి అంటుకుంటోంది. తిరగేసి దులిపితే పాత గోడ సున్నంలా తెల్లటి పెచ్చులు రాలాయి. భుజం దగ్గర కుట్టు మీద అతికించిన టేపు గోరు తగిలితే లేచి వస్తోంది. ఇంకోదానికి జిప్పు పైకి వెళ్తుంది గానీ వెనకాలే విచ్చుకుపోతోంది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "వాడకం వల్ల వచ్చిన అరుగుదల మేడమ్, వారంటీలోకి రాదు" అన్నారు. రెండేళ్ళ గడువు ఇంకా కొన్ని వారాలే ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది. వదిలేయాలా, ఇంకేమైనా దారి ఉందా? మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన జాకెట్టు కూడా ఒకటి చంక దగ్గర కుట్టు విడిపోయింది. దాని సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నెల్లూరు, వేదాయపాలెం నుంచి:

అక్కా, వదిలేయొద్దు. ఫోన్‌లో చెప్పిన మాటను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఫోన్ తీసినవాళ్ళు మీ జాకెట్టును చూడలేదు, ఆ మాటకు ఎక్కడా రాతపూర్వకమైన ఆధారం లేదు. గడువు దాటకముందే ఈరోజే మెయిల్ పెట్టండి. గడువు లోపల ఫిర్యాదు చేశారన్న రుజువు అదే.

ఇప్పుడు అసలు జరిగిందేమిటో చెప్తాను. ఆ తెల్ల పొర పాలీయురేథేన్ పూత. బయటి తడి లోపలికి దిగకుండా ఆపేది అదే. గాలిలో చెమ్మ, దానికి తోడు వేడి ఉంటే ఆ పూత మెల్లగా విరిగిపోతుంది. హైడ్రాలిసిస్ అంటారు దీన్ని. తొడిగినా తొడగకపోయినా జరుగుతుంది. ట్రెక్కింగ్ బూట్ల అడుగులు పెట్టెలో ఉన్నవి ఉన్నట్టే పొడిగా రాలిపోయేదీ ఇందువల్లే. మన వైపు వేసవిలో ఎండ, దాని మీద సముద్రపు గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. మూసిన ఇనప బీరువాలో ఈ మూడూ కలిస్తే ఆ పూతకు పరీక్షే. కలరా ఉండలు పురుగును ఆపుతాయే గానీ చెమ్మను ఆపవు.

కాబట్టి మీ మెయిల్‌లో "పాడైపోయింది" అని రాయకండి. ఆ మాటకు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు అరుగుదల. ఇలా రాయండి: "లోపలి వాటర్‌ప్రూఫ్ పూత గుడ్డ నుంచి విడిపోయింది. కుట్టు టేపు అతుకు వదిలింది. బయటి గుడ్డ మీద రాపిడి గానీ, చిరుగు గానీ, కాలిన మచ్చ గానీ లేదు." అరుగుదల అంటే రాసుకున్నచోట, అంటే మోచేతుల దగ్గర, బ్యాగు పట్టీలు పడేచోట, మణికట్టు దగ్గర కనబడాలి. మీ జాకెట్టులో అక్కడ బాగుండి, ఎవరి చేయీ తగలని వీపు లోపల పొర లేచిందంటే అది అరుగుదల ఎట్టా అవుతుంది? ఆ రెండు చోట్లా పక్కపక్కన ఫొటోలు తీసి పంపండి. మీ వాదనకు బలం ఆ ఫొటోలే.

వాళ్ళు ఇంకో మాట అనొచ్చు: సరిగ్గా భద్రపరచలేదు, తప్పు మీదే అని. అప్పుడు లోపల కుట్టిన లేబుల్ చదవండి. ఉతకడం, ఇస్త్రీ గురించి బొమ్మలుంటాయి. చెమ్మలో పెట్టొద్దని, మడత పెట్టొద్దని దాని మీద గానీ, వారంటీ షరతుల్లో గానీ లేకపోతే "మీరు చెప్పని షరతుకు నేనెలా బాధ్యురాలిని? కోస్తా ఊరి పిన్‌కోడ్‌కు మీరే డెలివరీ ఇచ్చారు కదా" అని అడగండి. న్యాయమైన ప్రశ్నే కదా.

ఒక తేడా మాత్రం తెలుసుకోండి. బయట వైపు నీటిబొట్లు జారకుండా గుడ్డ తడిసిపోతోందంటే అది వేరే సంగతి. బయటి గుడ్డకు నీళ్ళు జారిపోయే మందు పట్టిస్తారు, అది వాడే కొద్దీ పోతుంది, మళ్ళీ పట్టించుకోవచ్చు. దాన్ని తయారీ లోపమని క్లెయిమ్ చేస్తే తిప్పికొడతారు. మీది అది కాదు.

కావలి నుంచి:

తమ్ముడూ, చాలా థ్యాంక్స్. మోచేతుల దగ్గర చూశాను, కొత్తదానిలాగే ఉంది. బిల్లు కాగితం మాత్రం దొరకడం లేదు.

నెల్లూరు, వేదాయపాలెం నుంచి:

ఆన్‌లైన్ కదా అక్కా, మీ అకౌంట్‌లో పాత ఆర్డర్లలోకి వెళ్తే ఇన్‌వాయిస్ మళ్ళీ డౌన్‌లోడ్ అవుతుంది. అందులో అమ్మినవాళ్ళ పేరు ఏముందో చూడండి. యాప్ పేరు వేరు, అమ్మకందారు పేరు వేరు ఉంటాయి. అధీకృత అమ్మకందారు కాకపోతే బ్రాండు వాళ్ళు చేతులెత్తేసే అవకాశం ఉంది. అప్పుడు అమ్మినవాళ్ళనీ, యాప్‌నీ పట్టుకోవాలి. జాకెట్టు లోపల పక్క కుట్టు దగ్గర చిన్న తెల్ల లేబుల్ మీద మోడల్ నంబరు ఉంటుంది, దానికీ ఫొటో తీయండి.

ఒంగోలు నుంచి, న్యాయవాదిని:

అమ్మా, పైన చెప్పినవన్నీ సరైనవే. చట్టం వైపు నుంచి నాలుగు మాటలు కలుపుతాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకం సంస్థా ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలి. మీ ఫిర్యాదు అందిందని ఆ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీరు ఇంతవరకూ మాట్లాడింది కాల్ సెంటర్‌తో. మీ మెయిల్ ఆ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా వెళ్ళాలి. చివర్లో ఒక వాక్యం తప్పక రాయండి: "నిరాకరిస్తే, వారంటీలోని ఏ షరతు ప్రకారం నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపండి." వాళ్ళు ఏం రాసినా తర్వాత అది మనకు పనికొస్తుంది.

దానికీ కదలకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. బయట నుంచి ఒత్తిడి వచ్చిందంటే చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి.

ఆఖరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీకు నెల్లూరు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా మీరు అక్కడికి వెళ్ళక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొన్నవాళ్ళు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీరే మాట్లాడుకోవచ్చు. లోపం బయటపడ్డ రోజు నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. అవసరమైతే సరుకును ల్యాబ్ పరీక్షకు పంపే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. మామూలుగా మూడు నెలల్లో, పరీక్ష కావాల్సివస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్తుంది గానీ, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆరున్నర వేల జాకెట్టు కోసం అంత దూరం వెళ్ళాలా అనేది మీ ఇష్టం. నా మట్టుకు నేను మొదటి రెండు మెట్లూ గట్టిగా ఎక్కమంటాను. మూడోది ఉందన్న సంగతి మెయిల్‌లో మర్యాదగా గుర్తు చేయండి, చాలు. బెదిరింపు భాష వద్దు.

నోటీసు పోస్టులో పంపాల్సి వస్తే: 2025లో పాత రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్ కావాలని అడిగి, రసీదు దాచుకోండి.

టంగుటూరు నుంచి:

అమెరికా జాకెట్టు గురించి నేను చెప్తానండీ. మా అబ్బాయి అక్కడి నుంచి పంపిన దానికి ఇదే సమస్య వచ్చింది. ఇక్కడి ఆఫీసుకు రాస్తే "ఏ దేశంలో కొన్నారో ఆ దేశంలోనే క్లెయిమ్" అన్నారు. చాలా బ్రాండ్లు ఇలాగే అంటాయి. ఇక్కడి నుంచి అక్కడికి పార్సిల్ పంపితే ఖర్చు జాకెట్టు ధరకు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకని ఎవరైనా ఊరికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టి పంపడమే మంచిది. మీ తమ్ముడి పేరు మీదే కొన్నారు కాబట్టి క్లెయిమ్ కూడా ఆయనే వేయాలి. కొన్ని వారంటీలు మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తాయి, బహుమతిగా పొందినవాళ్ళకు కాదు.

వారంటీ మాటలు కూడా ఒక్కో బ్రాండుకు ఒక్కో రకం. పెటగోనియా వాళ్ళు తయారీ లోపమైతే బాగుచేసో, మార్చో, డబ్బిచ్చో తీరుస్తారు. అరుగుదలైతే న్యాయమైన ధరకు బాగుచేసి ఇస్తారు. గోర్‌టెక్స్ అనే వాటర్‌ప్రూఫ్ పొర ట్యాగు ఉంటే, జాకెట్టు ఏ కంపెనీదైనా సరే, నీళ్ళు దిగకుండా ఉండే విషయంలో ఆ పొర తయారుచేసే గోర్ సంస్థ హామీ వేరుగా ఉంటుంది. బ్రాండు కాదన్నా అక్కడ అడగొచ్చు. "లైఫ్‌టైమ్" అన్న మాట చూసి మాత్రం మురిసిపోకండి. చాలాచోట్ల దాని అర్థం ఆ సరుకు జీవితకాలం, మన జీవితకాలం కాదు. ఎల్‌ఎల్ బీన్ అనే పాత అమెరికా కంపెనీ ఎప్పుడైనా తిరిగి తీసుకుంటామని పేరు తెచ్చుకుంది, 2018లో దాన్ని ఏడాదికి కుదించేసింది, బిల్లు కూడా అడుగుతోంది. అందుకే మీరు కొన్న రోజున ఉన్న వారంటీ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం ఎప్పుడూ మంచిది. తర్వాత వాళ్ళు మార్చేస్తే మన దగ్గర ఆధారం ఉంటుంది.

చంక దగ్గర కుట్టు విడిపోవడం చాలామంది తయారీ లోపంగానే ఒప్పుకుంటారు. స్కీ అంచు తగిలి ప్యాంటు కాలి దగ్గర కోసుకుపోవడం, చలిమంట నిప్పురవ్వ పడి చిల్లు పడటం లాంటివి ఎవరూ ఒప్పుకోరు. అవి డబ్బిచ్చి బాగుచేయించుకోవాల్సినవే.

నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట నుంచి:

నేను బ్యాగులు, జిప్పులు బాగుచేస్తానమ్మా. జిప్పు విచ్చుకుపోతోందన్నారు కదా, పళ్ళు విరగలేదా? పళ్ళన్నీ ఉంటే జిప్పు మంచిదే, పైకీ కిందికీ లాగే రన్నరు వదులైంది. రన్నరు వెనక చిన్నగా 5 అనో, 8 అనో అంకె ఉంటుంది. అదే సైజు, అదే రకం కొత్త రన్నరు వేస్తే సరిపోతుంది, కుట్టు విప్పక్కర్లేదు. మాలాంటి ఏ షాపులోనైనా నిమిషాల పని.

కానీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో తేలేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. బయట చెయ్యి పడిందంటే వారంటీ పోయిందంటారు. ఇంకో మాట, మొత్తం జిప్పు మార్చాలని ఎవరైనా మామూలు మిషన్ మీద కుట్టేస్తే, సూది పడ్డ ప్రతి చిల్లులోంచీ నీళ్ళు దిగుతాయి. వానజాకెట్టుకు కుట్టు మీద మళ్ళీ టేపు వేడితో అతికించాలి. ఆ పని చేసేవాళ్ళు మన దగ్గర తక్కువ. పొర ఊడిన జాకెట్టు మాత్రం ఎవరూ బాగుచేయలేరు, దాన్ని మార్చి ఇమ్మని గట్టిగా అడగండి.

కావలి నుంచి:

అందరికీ నమస్కారం, సంగతి చెప్దామని వచ్చాను. కస్టమర్ కేర్‌కూ, గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ మెయిల్ పెట్టాను, గ్రీవెన్స్ ఆఫీసర్ నుంచి మర్నాడే జవాబు వచ్చింది. పొర ఊడిన దాన్ని తనిఖీకి పంపమన్నారు, రవాణా ఖర్చు వాళ్ళదే. జిప్పు జాకెట్టుకు మాత్రం రన్నరు ఇక్కడే మార్పించుకుని బిల్లు పంపితే డబ్బు ఇస్తామన్నారు. అది మెయిల్‌లోనే రాశారు. ఉతికి శుభ్రంగా పంపాలట. పెచ్చులు రాలుతున్నదాన్ని ఉతికితే మొత్తం ఊడిపోదా? మామూలు సర్ఫ్ వేయొచ్చా? మిగిలిన జాకెట్లు బాగానే ఉన్నాయి, వాటిని ఎలా పెట్టుకోవాలి?

నెల్లూరు, వేదాయపాలెం నుంచి:

మంచి కబురు అక్కా. మురికి బట్టను ఏ కంపెనీ వర్క్‌షాపూ ముట్టుకోదు, అందుకే అడుగుతారు. పెచ్చులు రాలేదాన్ని మిషన్‌లో వేయొద్దు. బయటి వైపు మాత్రమే తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. రాలిన పెచ్చులు కొన్ని చిన్న కవర్లో వేసి జాకెట్టుతోపాటే పంపండి. "ఉతికితే లోపం మరింత పెరుగుతుందని తుడిచి పంపుతున్నాను" అని మెయిల్‌లో ముందే చెప్పండి. ప్యాక్ చేసే ముందు అన్ని వైపులా వీడియో తీయండి, పార్సిల్ నంబరు కనిపించేదాకా ఆపకుండా. జేబుల్లో ఏమీ లేకుండా చూసుకోండి.

బాగున్నవాటికి సర్ఫ్ పొడి, కంఫర్ట్ లాంటి మెత్తదనం మందులు వద్దు. వాటి అవశేషం గుడ్డలో ఉండిపోయి నీటిని పీలుస్తుంది. కొద్దిగా లిక్విడ్ సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, జిప్పులన్నీ మూసి ఉతకండి, రెండుసార్లు జాడించండి. పిండొద్దు. ఆరాక లేబుల్ మీద ఇస్త్రీ బొమ్మకు కొట్టివేత గీతలు లేకపోతే, పైన తువ్వాలు వేసి, ఆవిరి లేకుండా, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. ఆ వేడికి బయటి మందు మళ్ళీ పనిచేస్తుంది, నీళ్ళు బొట్లుగా జారుతాయి. తర్వాత మడతపెట్టకుండా వెడల్పాటి హ్యాంగరుకు తగిలించండి. ఇనప బీరువా అయితే చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టి, వానాకాలం మధ్యలో ఒకసారి తీసి ఫ్యాను కింద ఆరనివ్వండి. నవంబరులో ముసురు పట్టినప్పుడు మాత్రం తీయకండి, ఎండ కాసిన రోజు చూసుకోండి.