డ్రగ్స్ మీద దేశాల మధ్య ఒప్పందాలు అంటారు కదా, పోర్టులో నిజంగా ఏమైనా మారుతోందా?

ప్యారిస్_క్లియరింగ్:

నేను చెన్నైలో, ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేస్తాను. ఇంపోర్ట్ ఫైళ్లు ఎక్కువగా నేనే చూస్తాను. ఈమధ్య మా పార్టీ (క్లయింట్) ఒకాయన కంటైనర్ హోల్డ్‌లో పడింది. సరుకు టాల్క్ పౌడర్, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ పోర్టు మీదుగా వచ్చింది. ముందు స్కానింగ్ అన్నారు, తర్వాత సీఎఫ్ఎస్‌లో (పోర్టు బయట కంటైనర్లు ఉంచే యార్డు) సీల్ కోసి, బస్తాలన్నీ దింపించి, కుక్కని తిప్పి, అనుమానం వచ్చిన బస్తాల్లోంచి శాంపిల్ తీశారు. ఏమీ దొరకలేదు. యార్డు గ్రౌండ్ రెంట్, కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు షిప్పింగ్ లైన్ వేసే డిటెన్షన్ చార్జీ, కూలీ, అన్నీ కలిపి బిల్లు చూసి పార్టీ నా మీద అరుస్తున్నాడు, నేనేదో పౌడర్ కలిపినట్టు.

ఎందుకు ఆపారో నాకు తెలుసు. 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా పోర్టులో పట్టుకున్న 2,988 కిలోల హెరాయిన్ టాల్క్ పేరుతోనే వచ్చింది, అఫ్గానిస్తాన్ సరుకు, బందర్ అబ్బాస్ దారే. కంపెనీ అడ్రస్ విజయవాడ, మొదట అరెస్టయిన దంపతులు ఉన్నది మన చెన్నైలో. అప్పటినుంచి బిల్లు మీద టాల్క్ అని కనబడితే చాలు, అందరి మొహాలూ మారిపోతాయి.

నేను అడిగేది వేరు. అమెరికాతో ఒప్పందం, శ్రీలంకతో ఒప్పందం, బిమ్‌స్టెక్ (బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి) మీటింగ్ అని పేపర్లో వస్తూనే ఉంటుంది. ఆ దేశాల వాళ్లు ఇచ్చే సమాచారం నిజంగా కిందిదాకా వస్తుందా? వస్తుంటే మా లాంటి వాళ్లందర్నీ ఇలా పిండడం ఎందుకు? రాకపోతే ఆ మీటింగులు ఎందుకు? లోపల పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రాజకీయ పార్టీల గొడవ మాత్రం వద్దు.

తడ_దాటాక:

మీటింగులు ఫోటోల కోసం గురూ. శాలువా, మెమెంటో, లంచ్. సరుకు మాత్రం టైముకి దిగుతూనే ఉంటుంది. వైజాగ్ ఈస్ట్ కంటైనర్ గుర్తుందా?

ప్యారిస్_క్లియరింగ్:

గుర్తుంది బ్రో, అందుకే పార్టీల గొడవ వద్దన్నాను. 2024 మార్చి, ఎన్నికల ముందు, బ్రెజిల్ శాంటోస్ పోర్టు నుంచి వచ్చిన 25,000 కిలోల ఈస్ట్ (బ్రెడ్డు పిండి పొంగడానికి వేసేది). అందులో డ్రగ్స్ ఉన్నాయేమోనని ఇంటర్‌పోల్ నుంచి సమాచారం వచ్చిందని సీబీఐ వెళ్లింది, రెండు రోజుల్లో పార్టీలు అది నీ మనిషిదంటే నీ మనిషిదని తిట్టుకోవడమే మిగిలింది. అది ఇక్కడ మొదలుపెడితే ఇంకేమీ మాట్లాడుకోలేం.

పాత_ఎగ్జామినర్:

నేను కస్టమ్స్ హౌస్‌లో ఎగ్జామినర్‌గా చేరి అప్రైజర్‌గా రిటైరయ్యాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

మీ కంటైనర్‌ని ఎవరో విదేశం నుంచి చెబితే ఆపారని నేననుకోను. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాల కాగితం) ఫైల్ కాగానే రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ సరుకేంటి, ఎక్కడ ఎక్కింది, దారిలో ఏ పోర్టులు తగిలాయి, ఇంపోర్టర్ పాతవాడా నిన్న గాక మొన్న లైసెన్సు తీసుకున్నవాడా అన్నీ చూసి, తెరవాలో వద్దో తేలుస్తుంది. అది వడపోత, దాన్ని సమాచారం అనుకోకండి. పక్కా సమాచారం ఉన్న రోజు కంటైనర్ నంబరు చేతిలో ఉంటుంది, ఒక్కోసారి ఏ మూల చూడాలో కూడా తెలుస్తుంది. అంటే మీ బస్తాలన్నీ దింపించారంటే ఆఫీసర్ దగ్గర ఏమీ లేదనే అర్థం. కోపం తెచ్చుకోకండి, ఆయనకీ అది వెట్టిచాకిరీయే.

ప్రపంచంలో తిరిగే కంటైనర్లలో రెండు శాతం కూడా తనిఖీ కావని ఐక్యరాజ్యసమితి వాళ్లే చెబుతారు. అంతకంటే ఎక్కువ తెరిస్తే పోర్టు నడవదు. మనలి నుంచి ఎన్నూరు దాకా రోడ్డు మీద ట్రైలర్లు ఎలా నిలబడతాయో మీకు నేను చెప్పాలా. అందుకే మిగిలిన దారి అవతలి దేశం వాడు చెప్పడమే, దానికోసమే 2004లో ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ ఆఫీసు, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి కంటైనర్ కంట్రోల్ ప్రోగ్రామ్ అని పెట్టాయి. ఒక పోర్టులో కస్టమ్స్ వాళ్లనీ, పోలీసుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, కంటైనర్ల కాగితాలు చూపించి, అనుమానం ఉన్నవాటి గురించి వేరే పోర్టులోని అలాంటి గదికి నేరుగా మెసేజ్ పంపిస్తారు. మంత్రుల దాకా వెళ్లక్కర్లేదు. పని జరిగేది అలాంటి చోటే.

దీనికి చట్టం బలమూ ఉంది. 1988లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ ఒప్పందంలో మనం 1990లో చేరాం. కంట్రోల్డ్ డెలివరీ అందులోనిదే. సరుకు ఉందని తెలిసినా పట్టుకోకుండా కదలనిచ్చి, ఎవడు తీసుకోవడానికి వస్తాడో చూడడం. దానికోసమే మన ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 50ఏ అనే సెక్షన్ 2001 సవరణలో వచ్చింది. వినడానికి బాగుంటుంది గానీ, ఆ కొన్ని రోజులూ ఆఫీసర్‌కి నిద్ర ఉండదు, సరుకు చేజారితే ఉద్యోగం పోతుంది. అందుకే చాలామంది దొరికింది దొరికినట్టు సీజ్ చేసి ప్రెస్‌మీట్ పెట్టుకోవడమే మేలనుకుంటారు.

ఒప్పందం ఎంత గట్టిదైనా అవతల ఫోన్ ఎత్తేవాడు ఉండాలి. ముంద్రా సరుకు దొరికేనాటికి కాబూల్ తాలిబాన్ చేతికి వెళ్లి ఒక నెల. ఫలానా టాల్క్ ఫ్యాక్టరీ ఉందా అని ఎవర్ని అడుగుతావు? మయన్మార్‌దీ అదే కథ. 2021 సైనిక కుట్ర తర్వాత మణిపూర్‌కి అవతల చాలా చోట్ల సర్కారు మాట చెల్లదు. 1,643 కిలోమీటర్ల సరిహద్దుకి కంచె వేస్తామంటున్నారు, వేయనివ్వండి, కంచె అవతల మాట్లాడే మనిషి లేకపోతే సగం పని అక్కడే ఆగిపోతుంది. తాలిబాన్ 2022లో నల్లమందు సాగు నిషేధించాక, 2023కి ప్రపంచంలో ఎక్కువ నల్లమందు పండించే దేశం మయన్మారే అయింది, ఐసు (మెథ్ అనే మత్తుమందు) తయారీ అంతకు ముందునుంచే ఉంది. మనకి తూర్పు నుంచి వచ్చే తలనొప్పి ఇది.

ఇంకొకటి, మీ పార్టీకి చెప్పండి. కొన్నిసార్లు ఇంపోర్టర్‌కి ఏమీ తెలియకుండానే అతని కంటైనర్ వాడుకుంటారు. ఎక్కే పోర్టులో సీల్ కోసి, తలుపు దగ్గరే నాలుగు బ్యాగులు పడేసి, కొత్త సీల్ వేస్తారు. దిగే పోర్టులో వాళ్ల మనిషి ముందే తెరిచి బ్యాగులు లాగేస్తాడు. మళ్లీ వేయడానికి ఒరిజినల్ నంబరే కొట్టిన నకిలీ సీల్ ఆ బ్యాగుల్లోనే ఉంటుంది. మధ్యలో మనం తెరిచామా, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడవాళ్లిచ్చే సరుకు రసీదు) మీద పేరు ఇంపోర్టర్‌ది.

కాశిమేడు_బోటు:

పెద్దాయనా, అంతా సమాచారమే అంటే ఒప్పుకోను. 2024 నవంబరులో అండమాన్ దగ్గర, బారెన్ ఐలాండ్ పక్కన మయన్మార్ బోటులో దాదాపు ఆరు టన్నుల ఐసు పట్టుకున్నారు కదా, దాన్ని చూసింది గస్తీ తిరుగుతున్న కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం. బోటు నడక తేడాగా ఉందని కిందికి వచ్చి చూశారు. కాబట్టి గస్తీ దండగ అనకండి.

మాది కాశిమేడు, మా తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చారు, ఇప్పటికీ ఇంట్లో తెలుగే. మాకు లాంచి ఉంది. 26/11 తర్వాత బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి, ఇప్పుడు ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో చెప్పే పరికరాలు) కూడా వచ్చాయి. కోస్ట్‌గార్డ్ వాళ్లు పక్కకి వచ్చి ఆపమంటే ఆపాలి, ఐసు పెట్టెలు ఎత్తి చూస్తారు (చేపల ఐసు, ఆ ఐసు కాదు). అది మాకు అలవాటే. కానీ నడిసంద్రంలో మూట తేలుతూ కనబడితే తీయాలా వద్దా? తీసి అప్పగిస్తే ఎక్కడిది, ఎవరిచ్చారు, ఫోన్ ఇవ్వు, రేపు రా. మా వాళ్లు చాలామంది చూడనట్టు వెళ్లిపోతారు, తప్పా?

ఇంకో సంగతి, ఇది మాకు మింగుడు పడదు. రామేశ్వరం వాళ్లు సముద్ర సరిహద్దు గీత దాటారని పట్టుకెళ్లి బోట్లు ఉంచేసుకునేది శ్రీలంక నేవీ. అదే నేవీతో మన నేవీ చేయి కలిపి 2024 నవంబరులోనే అరేబియా సముద్రంలో రెండు శ్రీలంక బోట్లు పట్టుకుంది, 500 కిలోల దాకా ఐసు. బోట్లు, మనుషులు, సరుకు అన్నీ శ్రీలంకకే అప్పగించారు. చేపల దగ్గర కుదరని స్నేహం డ్రగ్స్ దగ్గర ఎలా కుదిరింది?

పాత_ఎగ్జామినర్:

గస్తీ దండగ అనలేదు తమ్ముడూ, పోర్టు సంగతి చెప్పాను. సముద్రం మీద ఇంకో చిక్కు ఉంది. మన జలాలు దాటాక వేరే దేశం జెండా ఉన్న బోటు ఎక్కాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి, 1988 ఒప్పందంలోనే 17వ ఆర్టికల్. శ్రీలంక సమాచారమిచ్చి సరేనంది కాబట్టి పని జరిగింది, వాళ్ల జెండా కాబట్టి కేసూ వాళ్లదే అయింది. ఇక స్నేహం ఎందుకు కుదిరిందంటే, డ్రగ్స్ వల్ల రెండువైపులా ఎవరికీ ఓట్లు పోవు. చేపల వల్ల పోతాయి.

ఫార్మా_రెగ్యులేటరీ:

అందరూ బయటినుంచి వచ్చేదాని గురించే మాట్లాడుతున్నారు. మన నుంచి వెళ్లేదో?

సూడోఎఫెడ్రిన్ అనేది జలుబు మందుల్లో వాడే మామూలు సరుకు, దాన్నుంచే మెథ్ తయారుచేస్తారు. మన దేశంలో బల్క్ డ్రగ్ కంపెనీలు చట్టబద్ధంగానే చేస్తాయి. ఎగుమతి చేయాలంటే అనుమతి కావాలి, అవతలి దేశానికి ముందుగా తెలియజేయాలి. దానికి అంతర్జాతీయ నార్కోటిక్స్ బోర్డు ఆన్‌లైన్ పద్ధతి ఉంది. అవతలివాళ్లు ఆ కంపెనీ మాకు తెలియదు అంటే షిప్‌మెంట్ ఆగిపోతుంది. నేను చేసేది ఇదే పని, విసుగు పుట్టే పనే గానీ ఇక్కడ సహకారం నిజంగా నడుస్తుంది.

ఈ దారి మూసుకుపోతే దొంగదారి వెతుకుతారు. 2024 ఫిబ్రవరిలో ఢిల్లీలో 50 కిలోల సూడోఎఫెడ్రిన్ దొరికింది. ఎండుకొబ్బరి పొడిలో, హెల్త్ మిక్స్ పిండిలో కలిపి న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకి పంపుతున్నారు. కొబ్బరి పొడి సంగతి ముందు చెప్పింది ఆ రెండు దేశాల వాళ్లే, ఢిల్లీ అనే ఆచూకీ అమెరికా డ్రగ్స్ నిరోధక సంస్థ డీఈఏ నుంచి వచ్చింది. సూత్రధారి అంటూ పట్టుకున్న ఆయన చెన్నై సినిమా నిర్మాత. మూడేళ్లలో 3,500 కిలోలు అలా వెళ్లాయని ఎన్‌సీబీ (మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో) అంచనా. ఇప్పుడు ఈ పోర్టులో కొబ్బరి పొడి ఎక్స్‌పోర్టర్‌ని అడగండి, మీ టాల్క్ పార్టీ కంటే ఎక్కువ ఏడుస్తాడు.

తడ_దాటాక:

సరే ఇది మాత్రం ఒప్పుకుంటాను. మరి మన ఏజెన్సీ గంజాయి? అది తడ దాటి, రెడ్‌హిల్స్ దాటి, వేదారణ్యం దాకా వెళ్లి శ్రీలంక పడవ ఎక్కుతోంది. దానికి ఏ దేశం సాయం కావాలి? చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపితే చాలు.

హైకోర్టు_వరండా:

ఆపుతూనే ఉన్నారు, అందుకే ఎన్‌డీపీఎస్ కోర్టుల్లో కూర్చోవడానికి బెంచీ దొరకదు. లాయర్‌గా నాకు కనబడేది చెబుతాను. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, పదేళ్లకు తక్కువ శిక్ష లేదు, సెక్షన్ 37 వల్ల బెయిల్ దాదాపు రాదు. లోపల ఉండేది లారీ డ్రైవరు, క్లీనరు, బ్యాగు మోసిన కుర్రాడు. బ్యాంకాక్ నుంచి హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచే) గంజాయి సూట్‌కేసులో తెచ్చి ఎయిర్‌పోర్టులో దొరికేవాళ్లూ అంతే. థాయ్‌లాండ్ 2022లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేశాక ఇది పెరిగింది, టికెట్టు, హోటలు ఫ్రీ అని పిల్లల్ని పంపిస్తారు. పంపించినవాడి పేరు ఎఫ్ఐఆర్‌లో ఉండదు.

దేశాల సహకారం చతికిలబడేది పట్టుకున్నాకే. టిప్ గంటల్లో వస్తుంది. కానీ అదే విషయం కోర్టులో రుజువు చేయాలంటే అవతలి దేశం నుంచి బ్యాంకు కాగితాలు, ఫోన్ రికార్డులు సర్టిఫై అయి రావాలి, దానికి లెటర్ రొగేటరీ (మన కోర్టు విదేశీ కోర్టుకి పంపే అభ్యర్థన), విదేశాంగ శాఖ, హోం శాఖ, వాళ్ల కోర్టు. ఏళ్లు పడుతుంది. పైగా 2020లో తూఫాన్ సింగ్ కేసులో, అది తమిళనాడు కేసే, ఎన్‌సీబీ ఆఫీసర్ల ముందు ఇచ్చిన వాంగ్మూలం ఒప్పుకోలుగా చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. నా లెక్కలో అది సరైన తీర్పే. కానీ దానర్థం బయటినుంచి వచ్చే కాగితం ఇంకా ముఖ్యమైపోయిందని. ఆ కాగితం రాదు. కొరియర్ కుర్రాడికి శిక్ష, పైవాడికి దుబాయ్. ఏదైనా ఒప్పందం సంతకం పెడుతుంటే నేను చూసేది ఒక్కటే, రికార్డు ఇన్ని రోజుల్లో పంపాలి అని గడువు ఉందా లేదా.

ప్యారిస్_క్లియరింగ్:

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నాకు అర్థమైనంతలో టిప్ ఉంటే ఒక్క కంటైనర్ తెరుస్తారు, లేకపోతే మమ్మల్నందర్నీ తెరుస్తారు, ఆ ఖర్చు మాత్రం మేమే కట్టాలి. ఏమీ దొరకనప్పుడు ఆ గ్రౌండ్ రెంట్ అయినా మాఫీ అవదా సార్?

పాత_ఎగ్జామినర్:

అడగండి. 2009 నాటి కార్గో హ్యాండ్లింగ్ రెగ్యులేషన్స్‌లో కస్టమ్స్ డిటైన్ చేసిన సరుకు మీద సీఎఫ్ఎస్ వాళ్లు రెంట్, డెమరేజ్ (సరుకు ఆలస్యమైనందుకు వేసే చార్జీ) తీసుకోకూడదని ఉంది. డిటెన్షన్ సర్టిఫికెట్ (సరుకుని కస్టమ్సే ఆపిందని చెప్పే కాగితం) కోసం కస్టమ్స్ డాక్స్ సెక్షన్‌లో లెటర్ పెట్టండి, హోల్డ్ వేసిన తేదీ, విడుదల చేసిన తేదీ రెండూ అందులో పడేలా చూసుకోండి. సీఎఫ్ఎస్ వాళ్లు నసుగుతారు, కొంత తగ్గించి సర్దుకోమంటారు. షిప్పింగ్ లైన్‌తో మాత్రం కొట్లాటే, వాళ్ల ఒప్పందం వేరంటారు, సర్టిఫికెట్ లేకుండా వాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. ఇకనుంచి ఇలాంటి సరుకుకి తలుపు తెరవకముందు సీల్ నంబరు, తలుపు కీలు, రివెట్లు కనబడేలా ఫోటోలు తీయించండి, వేరే సర్వేయర్ ఉంటే మరీ మంచిది.

కాశిమేడు_బోటు:

సార్ మరి తేలే మూట సంగతి చెప్పలేదు.

హైకోర్టు_వరండా:

ముట్టుకోకు. వీహెచ్ఎఫ్ రేడియోలో కోస్ట్‌గార్డ్‌కి పొజిషన్ చెప్పు, టైము రాసుకో, పక్క బోటు వాడికి కూడా వినబడేలా చెప్పు. సిగ్నల్ దొరికే చోటైతే డ్రగ్స్ గురించి చెప్పే మానస్ హెల్ప్‌లైన్ 1933 ఉంది, పేరు చెప్పక్కర్లేదు. చేతిలోకి తీసుకున్నావా, ఇక అది నీ దగ్గర దొరికినట్టే.