రెండో తరగతి బాబుకి ఏడీహెచ్‌డీ అంటున్నారు, టెక్సాస్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

ప్రశ్న (ఇర్వింగ్):
నమస్కారమండీ. ఈ వేసవిలోనే హైదరాబాద్ నుంచి వచ్చాం. బాబుకి ఏడేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఏమో చూపించండి అంది టీచర్. మావారేమో "నేనూ చిన్నప్పుడు అంతే" అని కొట్టిపారేస్తున్నారు. రికార్డులో పడితే గ్రీన్ కార్డుకి అడ్డమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఫ్రిస్కో):
ముందు గ్రీన్ కార్డు టెన్షన్ వదిలేయండి. గ్రీన్ కార్డు మెడికల్ పరీక్షలో ఇలాంటి విషయాల్లో చూసేది తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. బెంచీ మీద నిలకడగా కూర్చోకపోవడం అందులోకి రాదు.

టీచర్‌తో నోటిమాటగా అని ఊరుకోకండి. "మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ చేయండి" అని మీ స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి ఈమెయిల్ రాయండి, ప్రిన్సిపాల్‌కీ కాపీ పెట్టండి. టెక్సాస్‌లో రాసి అడిగితే 15 స్కూలు దినాల్లో చేస్తామో లేదో చెప్పాలి. మీరు ఒప్పుకుని సంతకం పెట్టాక మామూలుగా 45 స్కూలు దినాల్లో రిపోర్టు రావాలి. పబ్లిక్ స్కూల్లో ఇదంతా ఉచితం, వీసా ఏదైనా సరే. తర్వాత ప్రత్యేక బోధన కావాలంటే ఐఈపీ, అంటే వాడికోసమే రాసే బోధన ప్రణాళిక. ముందు బెంచీ, పరీక్షకి అదనపు టైమ్ లాంటి సర్దుబాట్లు చాలంటే 504 ప్లాన్.

డాక్టర్ దారి వేరే. పీడియాట్రీషియన్లు సాధారణంగా వాండర్‌బిల్ట్ ఫారాలు (పిల్లల ప్రవర్తన మీద ప్రశ్నలు) ఇస్తారు, ఒకటి మీకు, ఒకటి టీచర్‌కి. లక్షణాలు ఇంట్లో, స్కూల్లో రెండు చోట్లా కనిపించాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి. మనవాళ్లు ఇంటి ఫారంలో అన్నిటికీ "అప్పుడప్పుడు" అని టిక్ పెట్టి పరువు కాపాడుకుంటారు, అలా చేయకండి! ఇంకోటి, మీరు వచ్చిందే ఇప్పుడు. కొత్త యాస, కొత్త పిల్లలు, వాడికి బెంగ కూడా అయ్యుండొచ్చు. అందుకే హైదరాబాద్ స్కూల్ డైరీ తీయండి. అక్కడి టీచర్లూ "హోంవర్క్ అసంపూర్తి, పక్కవాళ్లతో మాటలు" అని ఎర్ర సిరాతో రాసి ఉంటే ఇది ఊరు మారినందుకు వచ్చింది కాదని డాక్టర్‌కి తెలుస్తుంది.

జవాబు (ఆస్టిన్):
మందుల గురించి నేను చెప్తా. టాబ్లెట్ వాడితేనే స్కూలుకి రానిస్తాం అనే హక్కు పబ్లిక్ స్కూలుకి లేదు, అది మీరూ డాక్టరూ తేల్చుకోవాల్సింది. ఆరేళ్లు దాటిన పిల్లలకి మందుతోపాటు తల్లిదండ్రులకి బిహేవియర్ ట్రైనింగ్ కూడా సూచిస్తారు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందుతో చాలామందికి ఆకలి చచ్చిపోతుంది. మావాడి లంచ్ బాక్స్ మూత తీయకుండానే ఇంటికొచ్చేది. ఇప్పుడు టాబ్లెట్‌కి ముందే నెయ్యి దోసెలు, సాయంత్రం మందు దిగాక పెరుగన్నం. ఆ మందుకి రీఫిల్స్ ఉండవు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి. ఇండియా టికెట్ కొనేముందే డాక్టర్‌తో మాట్లాడండి.

మీవారి మాట కొట్టిపారేయకండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మావాడి ఫారం నింపుతుంటే నా గురించే రాస్తున్నట్టనిపించింది. తర్వాత నాకూ ఉందని తేలింది.

ప్రశ్న (ఇర్వింగ్):
ఈమెయిల్ పంపేశానండీ. మావారు ఇది చదివి "అయితే నేనెవరికి చూపించుకోవాలి?" అంటున్నారు.

జవాబు (ఆస్టిన్):
ముందు ఫ్యామిలీ డాక్టర్‌నే అడగమనండి. పెద్దవాళ్లకైనా 12 ఏళ్ల లోపు లక్షణాలున్నాయా అని అడుగుతారు. ఆయన చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులుంటే అత్తయ్యగారిని వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమనండి.